వంకర మేకు పరీక్ష

చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని పఠన ప్రోత్సాహక మండలికి బెంగ పట్టుకుంది. బెంగ పట్టుకుంటే మనిషి మంచం పడతాడు. మండలి అయితే పథకం పెడుతుంది. ఆ ఏడాదిని ‘ఆరంభకుల సంవత్సరం’ అని ప్రకటించారు. ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ ఏదో ఒక చేతిపనిలో ఓనమాలు దిద్దుకుంటున్న ఆరంభకుడు ఒకడైనా ఉండాలి. అతనికి తగిన పత్రికకు మండలి చందా కడుతుంది, పనిముట్లూ సామానూ ఇస్తుంది. ఆరంభకుడు లేని శాఖను కాలవ అవతలి శాఖలో కలిపేస్తుంది.

కాలవ అవతలికి వెళ్ళాలంటే వంతెన దాటాలి. వంతెన మీద నాకు కళ్ళు తిరుగుతాయి. కాబట్టి మా శాఖ నిలబడడంలో నాకు స్వార్థం ఉందని ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు వరహాలమ్మ. బడి మొహం ఎరగను. కిరాణా పొట్లాల కాగితాల మీద చదువుకున్నాను. కందిపప్పు పొట్లంలో ఒక కథ మొదలయ్యేది, చింతపండు పొట్లంలో ఇంకో కథ నడుస్తూ ఉండేది. చివర మాత్రం ఏ కథకీ దొరికేది కాదు. దొరికినా దానికి బెల్లం అంటుకుని ఉండేది. మా ఆయన రైల్వేలో జెండా ఊపే ఉద్యోగం చేశారు. నేనూ ఆ ఉద్యోగమే చేశాననుకోవాలి. ఏ స్టేషన్‌కి బదిలీ అయినా, పక్కింటావిడతో పచ్చడి ఇచ్చిపుచ్చుకునేంత చనువు వచ్చేసరికి ఎవరో ఒకరికి చెయ్యి ఊపవలసి వచ్చేది. చివరికి ఆయనా వెళ్ళిపోయారు, ఊపడానికి నాకు వ్యవధి ఇవ్వకుండా. అప్పటినుంచి పక్క వాటాలో అటక మీది పెట్టె కిందికి దించిన చప్పుడైతే చాలు, నాకు గుండెదడ. దుమ్ము దులపడానికే దించారని తెలిసినా ఒకసారి వెళ్ళి చూసి వస్తాను.

ఆ పక్క వాటాలోనే టిఫిన్ బండి నడిపే నూకరత్నం ఉంటుంది. ఆవిడ కూతురు దేదీప్య. ఆ పేరు పూర్తిగా పలికేలోపు పిల్ల వీధి చివర ఉంటుందని నేను దీపు అంటాను. ఇంటర్ పూర్తిచేసింది. ఒకరోజు బండి దగ్గర బల్ల కాలు ఊడి, ఇడ్లీ తింటున్న పెద్దమనిషి చట్నీతో సహా కింద పడితే, దీపు తనే మేకు కొట్టి కాలు నిలబెట్టింది. ఆనాటినుంచి చెక్కపని తప్ప ఇంకేమీ చెయ్యనని కూర్చుంది. పొరుగు జిల్లాలో చెక్కపని నేర్పే బడి ఒకటుందట. జూన్‌లో చేర్చుకుంటారు. అయితే సొంతంగా చేసిన వస్తువు ఒకటి పట్టుకెళ్ళి చూపించాలి.

మా ఊళ్ళో వడ్రంగులందరూ ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తలుపులు బిగించేవాళ్ళే. నేర్పడానికి వాళ్ళ దగ్గర చెక్కే లేదు.

“పోనీ ఫోన్లో చూసి నేర్చుకోరాదుటే?” అన్నాను.

“ఫోను బండి దగ్గర ఉండాలి మామ్మా. డబ్బులు పడినప్పుడల్లా అది అరవాలి. దాని బదులు నన్ను అరవమంటావా ఏంటి?”

అలా దీపుకు పత్రిక అవసరమైంది, మా శాఖకు దీపు అవసరమైంది.

గ్రంథపాలకుడు జోగినాథం గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. నిజంగా గంతేస్తే ఆయన కూర్చున్న కుర్చీ ఓర్చుకోదు. మా గ్రంథాలయంలో కుర్చీలన్నింటికీ ఏదో ఒక కాలు కుంటి. కొన్నింటిని గోడకు ఆనించి, కొన్నింటికి పాత గెజిట్లు ఎత్తుపెట్టి నెట్టుకొస్తున్నారు. పాఠకుల సలహా సంఘంలో మిగిలిన సభ్యురాలిని నేనొక్కదాన్నే కాబట్టి పత్రికను ఎంచే భారం నా మీద పెట్టారు. మూడు నమూనా ప్రతులు తెప్పించారు.

మొదటిది ‘దారుధర్మం’. చెక్కకు ఆత్మ ఉందా లేదా అని పత్రిక సగం దాకా వాదించుకున్నారు. చివర్లో ఆ వాదించినవాళ్ళందరి ఫోటో వేశారు. అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

రెండోది ‘ఆధునిక కొయ్య’. తెరవగానే రెండు పేజీల నిండా గుండ్రటి కరెంటు రంపం. దాని పళ్ళు చూసి పత్రిక మూసేసి, దానంతటదే తెరుచుకోకుండా పైన పేపర్‌వెయిట్ పెట్టాను.

మూడోది ‘చెక్కనేస్తం’. కొత్తవాళ్ళ కోసం. మొదటి సంచికలో సుత్తి పట్టుకోవడం మాత్రమే నేర్పుతారు. రెండో సంచికలో సుత్తి కింద పెట్టడం. విషయసూచిక చూస్తే ఏడాది పొడుగునా ఒకటే స్టూలు. దసరాకి మొదలుపెడితే, మళ్ళీ దసరాకి గానీ అది నాలుగు కాళ్ళ మీద నిలబడదు.

“ఇదే మంచిది. భాష తేలిక, బొమ్మలు పెద్దవి” అన్నాను.

అది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం, బడి జూన్‌లో తెరుస్తారు, స్టూలు దసరాకి గానీ అవదు. ఆ నాలుగు నెలల తేడా నాకు చందమామలా కనిపించింది.

దీపు మొహం ముడుచుకుంది. “ఇంత నిదానంగానా మామ్మా? ఈలోగా చెట్టు పెరిగి స్టూలైపోతుంది.”

“నిదానమే ప్రధానం అన్నారే. ఉలితో తొందరపడితే వేళ్ళుంటాయా? ఆ రంపాల పుస్తకం చూశావా? నాకు చూడగానే కళ్ళు చీకట్లు కమ్మాయి.”

“నీకు కొబ్బరికాయ కొడుతుంటే కూడా చీకట్లు కమ్ముతాయిగా.”

పత్రికను ఆమోదించడానికి పఠనాభివృద్ధి అధికారి త్రివిక్రమరావు గారు జీపులో వచ్చారు. భారీ మనిషి. కుర్చీ చూపిస్తే, దాని పరిస్థితి గమనించి నిలబడే ఉన్నారు.

“ఆరంభకుడనగా” అని మొదలుపెట్టారు, “సదరు విద్యయందు ప్రవేశాభిలాష కలిగి, ప్రవేశము లేనివాడు. అభిలాష లేనిచో అతడు సామాన్య ప్రజ. ప్రవేశమున్నచో అతడు ప్రవీణుడు. ఉభయులూ ఈ పథకమునకు అనర్హులు. ఇప్పుడు అభ్యర్థిని ఒక మేకు కొట్టవలెను. వంగినచో అర్హత.”

“వంగకపోతేనండి?” జోగినాథం గారు భయపడుతూ అడిగారు.

“వంగనిచో ఈ శాఖకు ఆరంభకులు లేరని భావించబడును.”

దీపు మేకు నిలబెట్టింది. బల్ల కాలు నిలబెట్టిన పిల్ల. మేకు తిన్నగా దిగిపోతుందని నాకు తెలుసు. జోగినాథం గారు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు. నేను దీపు కళ్ళలోకి చూసి, చూపుడువేలు కొద్దిగా వంచాను. దీపు పళ్ళు కొరికి, సుత్తి పక్కకు తిప్పి ఒకటేసింది. మేకు కొక్కెంలా వంగిపోయింది.

“స్వచ్ఛమైన అజ్ఞానము” అని మురిసిపోయారు త్రివిక్రమరావు గారు. “ఎక్కడా కల్తీ లేదు. అభినందనలు.”

జోగినాథం గారు చప్పట్లు కొట్టారు. దీపు నా వైపు చూసిన చూపుకు మాత్రం ఆ మేకు ఇంకో నాలుగు వంకరలు తిరిగేది.

వారం తిరక్కుండా సుత్తి, రంపం, ఉలి, చిత్రిక పట్టే పనిముట్టు, కొంత టేకు చెక్క వచ్చాయి. పత్రిక మాత్రం ఏడాది సంచికలన్నీ ఒకే కట్టగా వచ్చాయి. చందా అంటే నెలనెలా కదా రావాలని అడిగితే, నెలనెలా అయితే బడ్జెట్టు మార్చిలోపు ఖర్చవదని, అందుకే ‘చెక్కనేస్తం’ వాళ్ళ చేత వచ్చే దసరా దాకా సంచికలు ముందుగానే అచ్చువేయించామని సమాధానమిచ్చారు. ఇక నెలకు ఒక్కటే విడుదల చెయ్యాలని ఆజ్ఞ. మిగతావాటి మీద ‘విడుదల కాని జ్ఞానము’ అని చీటీ అంటించి, జోగినాథం గారు బీరువాలో పెట్టారు.

దీపు మా ఉమ్మడి వసారాలో పని మొదలుపెట్టింది. సంక్రాంతి వెళ్ళాక త్రివిక్రమరావు గారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ మేకు. ఈసారీ నేను వేలు వంచాను గానీ, దీపు చెయ్యి అప్పటికే పని నేర్చేసుకుంది. మేకు వంగింది, కానీ మర్యాదకు తల వంచినట్టు కొంచెమే.

అధికారి మొహం పాలిపోయింది. “ఇది ఏమి? ప్రగతి లక్షణములు కనబడుచున్నవే!”

“పిల్ల తెలివైందండి. ఏదో పొరపాటున…” అన్నారు జోగినాథం గారు.

“తెలివైనవారిని ఎవరు చేర్చుకోమన్నారు? ఏడాది నిండకుండా అభ్యర్థిని నేర్చుకొన్నచో పథకము విఫలమైనట్లు. ఆరంభకుల సంవత్సరములో ఆరంభకుల సంఖ్య తగ్గుటయా? పైవారికి నేనేమి జవాబు చెప్పుకొనవలెను?” అని నుదుటి చెమట తుడుచుకున్నారు. పాపం, ఆయన గొంతులో నిజంగానే భయం ఉంది. సాటి భయస్తురాలిని కాబట్టి నాకు తెలుస్తుంది.

అక్కడికక్కడే మూడు ఆజ్ఞలు జారీ అయ్యాయి. సంచికల విడుదల నిలిపివేయాలి. ఆరంభకురాలు ఏడాది పూర్తయ్యేదాకా ఊరు విడిచి వెళ్ళకూడదు. ఆమె నేర్చుకోకుండా కాపాడడానికి ఒక ‘ఆరంభక స్థితి పరిరక్షకురాలి’ని నియమించాలి.

“అభ్యర్థినికి సన్నిహితంగా నివసించువారు, నిత్యము భయపడు స్వభావము గలవారు అయిన ఉత్తమము” అని ఆయన అంటూ ఉండగానే జోగినాథం గారి చూపు నా మీద వాలింది.

నేను ఒద్దనాలి. ఒద్దనలేదు. ఊరు విడిచి వెళ్ళకూడదన్న మాట నా చెవిలో సన్నాయిలా వినబడుతోంది. నా జీవితంలో ఎంతమంది వెళ్ళిపోయారో, ఒక్కరి విషయంలోనైనా ఇలాంటి ఆజ్ఞ ఎవరైనా తెచ్చారా? నమస్కారం పెట్టి ఒప్పుకున్నాను. విడుదల కాని జ్ఞానం కట్ట కట్టలాగే మా ఇంటికి వచ్చి, నా ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద చేరింది.

ఉద్యోగం చేస్తే శ్రద్ధగా చెయ్యాలి. దీపు రంపం పట్టగానే సూదిలో దారం ఎక్కించమనేదాన్ని. బంక పూసి చెక్కలు అదిమి పట్టుకోగానే, గుండెల్లో ఏదోలా ఉందని పిలిచేదాన్ని. పిల్ల పరుగెత్తుకొచ్చేది. ఇక్కడ నాకు తగ్గిపోయేది, అక్కడ బంక ఊడిపోయేది.

“నీ గుండెకి బంక ఎండే టైము ఎలా తెలుస్తోంది మామ్మా?” అంది ఒకరోజు.

“పెద్దదాన్ని. నాకేం తెలుస్తుందే?”

“అమ్మా, మామ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళవే. నేను బంక పూసినప్పుడల్లా చచ్చిపోతోంది.”

“ఆవిణ్ణి కాదే, ఆ బంకని తీసుకెళ్ళి చూపించాలి” అంది నూకరత్నం గరిటె తిప్పుతూ.

నా ఉద్యోగం నిక్షేపంగా సాగిపోయేదే. దాన్ని పాడుచేసింది నేనే, నా చదువు బుద్ధి. ఒక మధ్యాహ్నం దీపు బండి దగ్గరికి వెళ్ళింది. తన దగ్గర ఉన్న ఆఖరి సంచిక వసారాలో కనబడితే, పనేమీ లేక తిరగేశాను. స్టూలు కాలిని పై పలకకు మేకు లేకుండా బిగించే పాఠం. కాలి చివర నాలికలా చెక్కుకోవాలి, పలకలో దానికి సరిపడా నోరు తవ్వుకోవాలి. బాగానే ఉంది. నాలిక నోట్లో పెట్టాక వదులుగా ఊగుతూ ఉంటే ఏం చెయ్యాలి? ‘కంగారు పడకండి. దీనికి ఒక చిన్న కిటుకు ఉంది. అదేమిటంటే…’ అని ఉంది. కింద చూస్తే, ‘తరువాయి వచ్చే నెల.’

నేను కంగారు పడ్డాను.

అన్నం సయించలేదు. కందిపప్పు పొట్లంలో బావి దగ్గర నిలబడిపోయిన ఆ కొత్తకోడలు ఏమైందో నాకు నేటికీ తెలియదు. చింతపండు పొట్లంలో కోర్టుకు బయలుదేరిన ముసలాయన చేరాడో లేదో తెలియదు. ఆ పొట్లాల మిగతా సగాలు ఏ ఇళ్ళలో చిరిగిపోయాయో నేనేమీ చెయ్యలేను. కానీ దీని మిగతా సగం నా ట్రంకు పెట్టెలో, నా పట్టుచీర కిందే ఉంది. తాళంచెవి నా మెడలో ఉంది.

తీసి చదివాను. నాలిక కొసను కొద్దిగా చీల్చి, ఆ చీలికలో సన్నటి చెక్క పలుకు పెట్టి, నోట్లోకి దిగగొట్టాలట. లోపలికి దిగేకొద్దీ పలుకు నాలికను విప్పార్చి, ఇక ఊడకుండా పట్టేస్తుందట. ఎంత చక్కగా ఉందో! చెప్పుకోవడానికి మనిషి కావాలి. దీపు వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

“ఒసేవ్, చీల్చాలిటే! చీల్చి పలుకు పెట్టాలిట!”

“ఏం చీల్చాలి?”

చదివి వినిపించాను. పాఠం పూర్తయ్యాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. దీపు నా చేతిలో సంచిక వైపూ, నా మొహం వైపూ చూసింది.

“నువ్వు నన్ను నేర్చుకోకుండా కాపాడాలి కదా మామ్మా?”

“కాపాడుతూనే ఉన్నాను. ఇంకొక్క సంచిక వింటావా? పై పలక నున్నగా ఎలా చెయ్యాలో ఉందిట.”

ఆ తరవాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. నేను చదువుతూంటే దీపు చేసేది. తను చేస్తూంటే, నాకు గుండెల్లో ఏదోలా అనిపించడం మానేసింది. జూన్ రావడానికి ముందే స్టూలు నాలుగు కాళ్ళ మీద నిలబడింది. ఎండలో దాని టేకు రంగు చూసి మెచ్చుకుంటూంటే, నా చేత్తో నేనే ఈ పిల్లకు రైలు టిక్కెట్టు కొనిచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి లోపలికి వెళ్ళి, పనిలేకపోయినా పోపుడబ్బా సర్దుకున్నాను.

సరిగ్గా దీపు బయలుదేరే వారంలోనే త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు. జోగినాథం గారికి చూపించాలని దీపు స్టూలును గ్రంథాలయానికే తెచ్చింది. అధికారి లోపలికి వస్తూనే గది కలయజూసి, నాలుగు కాళ్ళున్నది అదొక్కటే కనబడడంతో, హాయిగా దాని మీద కూర్చున్నారు. స్టూలు కిర్రుమని కూడా అనలేదు.

“శుభవార్త” అన్నారాయన. “జిల్లా మొత్తము మీద మిగిలిన ఆరంభకురాలు ఈమె ఒక్కతే. ఇతర శాఖలలో అందరూ నేర్చుకొని చెడిపోయిరి. కావున ఈమెను శాశ్వత ఆరంభకురాలిగా ప్రకటించి, ప్రతి ఏటా సభలలో ప్రదర్శించుటకు పైవారు నిర్ణయించిరి. మేకు కొట్టి చూపినచో లాంఛనము పూర్తియగును.”

“శాశ్వతం అంటేనండి?” అన్నారు జోగినాథం గారు.

“అనగా, ఊరు విడువరాదు. నేర్చుకొనరాదు.”

దీపు మేకు నిలబెట్టింది. సుత్తి ఎత్తి నా వైపు చూసింది. వేలు వంచితే చాలు. పిల్ల నా పక్క వాటాలోనే ఉంటుంది, శాఖ ఉంటుంది, వంతెన దాటక్కర్లేదు. నా చూపుడువేలు తనంతట తనే వంగబోయింది. దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, తిన్నగా చాపి ఉంచాను.

ఒక్క దెబ్బ. మేకు తల చెక్కకు సమానంగా దిగిపోయింది.

త్రివిక్రమరావు గారు వంగి చూశారు. వేలితో తడిమి చూశారు. “నేర్చుకొన్నది” అన్నారు, ఎవరో పోయిన వార్త చెబుతున్నట్టు. “పరిరక్షకురాలు ఏమి చేయుచున్నది?”

“చదువుకుంటోందండి” అన్నాను.

“మీరు కూర్చున్నది కూడా ఆ పిల్ల చేసిందేనండి” అన్నారు జోగినాథం గారు. ఎందుకన్నారో ఆయనకీ తెలియదు. ఉత్సాహం పట్టలేక అనేశారు.

అధికారి గతుక్కుమని లేచి, స్టూలు కేసి చూసి, మిగతా కుర్చీల కేసి చూసి, మళ్ళీ దాని మీదే కూర్చున్నారు. తల పట్టుకున్నారు. “జిల్లాలో ఆరంభకులు సున్న. ఈ శాఖ మూత. పిమ్మట నా పదవి కూడా…”

ఆయన్ని చూస్తే జాలేసింది. సుత్తి పక్కనే ఉంది. ఏమీ తోచక, నేనూ ఒకటి కొట్టి చూద్దామని తీసుకుని, మేకు పెట్టి కొట్టాను. మేకు ఎగిరి బీరువా కింద పడింది. సుత్తి నా బొటనవేలి మీద పడింది. నా కేక విని వీధిలో వాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

త్రివిక్రమరావు గారు తలెత్తారు. కళ్ళలో వెలుగు కనబడింది.

“అమ్మా! ఇంకొక్కసారి కొట్టగలరా?”

కొట్టాను. ఈసారి మేకు రెండుగా మడత పడింది.

“అద్భుతము! ఇట్టి అజ్ఞానమును నా సర్వీసులో చూడలేదు. పైగా వయస్సు రీత్యా ఈమె విషయంలో నేర్చుకొను ప్రమాదము బొత్తిగా లేదు” అంటూ చెమట తుడుచుకున్నారు. శాశ్వత ఆరంభకురాలి పదవి అక్కడికక్కడే నాకు దక్కింది. దీపు నా వేలికి తడిగుడ్డ చుడుతూ నవ్వు ఆపుకోలేక గిలగిల్లాడింది. చెప్పొద్దూ, ఆ ‘బొత్తిగా లేదు’ అన్న మాటకు నాకు కొంచెం రోషం వచ్చింది.

దీపు వెళ్ళిన రోజు స్టేషన్‌కి అందరికంటే ముందు నేనే వెళ్ళి కూర్చున్నాను. మా ఊళ్ళో రైలు ఆగుతుంది గానీ, వీడ్కోలు చెప్పుకునేంతసేపు ఆగదు. జనరల్ పెట్టె కిక్కిరిసి ఉంది. నూకరత్నం ఏడుస్తూ ఇడ్లీ పొట్లం అందించింది. కాళ్ళు పెట్టుకునే చోటు లేక జనం తిట్టుకుంటూంటే, దీపు తలుపు పక్క కాస్త ఖాళీ చూసి, చంకలోని స్టూలు కింద పెట్టి దర్జాగా కూర్చుంది.

“మామ్మా, ఊగట్లేదు చూశావా!” అని అరిచింది.

రైలు కదిలింది. నేను చెయ్యి ఊపాను. ఊపడం నాకు బాగా వచ్చు.

ఇప్పుడు ‘చెక్కనేస్తం’ కట్ట నా పేరునే వస్తుంది. పరిరక్షకుడిగా జోగినాథం గారిని వేశారు. ఆయన నాకన్నా శ్రద్ధగల మనిషి, కట్ట ఎక్కడ దాచారో ఆయనకే గుర్తుండదు. నేనే వెతికి ఇస్తాను. మూడు నెలలకోసారి త్రివిక్రమరావు గారు వస్తారు. నేను మేకు కొడతాను, అది వంగుతుంది, ఆయన సంతోషంగా వెళ్ళిపోతారు. గ్రంథాలయంలో ఈమధ్య రెండు కుర్చీలకు కొత్త కాళ్ళు ఎలా వచ్చాయని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

తనిఖీ నిన్ననే అయింది. ఒకటే చిక్కు. ఆ మేకును వంచేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.